నల్ల అట్ట మీద పచ్చ కన్ను

ఏమర్రా, అందరూ వచ్చారా? వెనకాల ఉన్నవాళ్ళు కాస్త ముందుకి జరగండి. మనకి మాటలిచ్చిన ఆ సరస్వతీ తల్లికి ముందుగా ఒక్క దణ్ణం పెట్టుకోండి. పెట్టుకున్నారా? అయితే వినండి.

అనగనగా ఒక అడవి. ఆ అడవి మధ్యలో ఒక కొండ. నిరుడు ఎండాకాలంలో ఆ కొండ కాలిపోయింది. చెట్లు పోయాయి. గూళ్ళు పోయాయి. పరుగెత్తలేని పసికూనలు కొన్ని పోయాయి. మిగిలినవాళ్ళు ఏరు దాటి ఇవతలి ఒడ్డున తలదాచుకున్నారు. దేవుడి దయవల్ల ప్రాణాలైతే దక్కాయి గానీ, మనసులు కుదుటపడలేదు. ఆకు కదిలితే అనుమానం. మంచు కురిస్తే పొగేమోనని అనుమానం. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వీడెందుకు నవ్వుతున్నాడని అనుమానం. కొండ మాట మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆ అడవిలో సూరమ్మ అనే ముళ్ళపంది ఉండేది. ఎవరూ ఎత్తని ఆ మాటే దాని గుండెలో గుచ్చుకుంటూ ఉండేది. ఒకరోజు తన ఒంటి ముల్లొకటి పీకి, దాన్నే గంటంగా పట్టుకుని, తాటాకుల మీద నవల రాయడం మొదలుపెట్టింది. వానాకాలం పోయి చలికాలం వచ్చేసరికి నవల పూర్తయింది. దాని పేరు 'కొండ కాలిన వేసవి'. ఉన్నది ఆ ఒక్క ప్రతే. పోతే మళ్ళీ రాయడం సూరమ్మ వల్ల కాదు. ఒకసారి ఏడ్చి రాసింది మళ్ళీ ఏడ్చి రాయగలరా ఎవరైనా?

ఇక ఆ అడవిలో కొత్త పుస్తకానికి ఒక ఆచారం ఉంది. ఏటి ఒడ్డున బల్లపరుపు బండ మీద దాన్ని మూడు రోజులు పెట్టాలి. రాసినవాళ్ళు దూరంగా కూర్చోవాలి. "నా కథ ఇదీ, చదవండి" అని నోరు విప్పకూడదు. పుస్తకమే పిలవాలి. మూడో రోజు పొద్దుగూకేలోగా ఎవరైనా చివరిదాకా చదివారా, సరే సరి. లేదా, పుస్తకం చెదలపాలు! అదేం ఆచారం అంటారా? అడవి ఆచారం నాయనలారా, నన్నడిగితే నేనేం చెప్పను!

నోరు విప్పకూడదు కాబట్టి అట్టే మాట్లాడాలి. అందుకని సూరమ్మ అట్టలు చేసే ఊసరవెల్లి తిమ్మన్న దగ్గరికి బయల్దేరింది.

దారిలో ఉడుత ఆపింది. "వదినా, పోయి పోయి రంగులు మార్చేవాడి చేతిలో పెడతావా పుస్తకం? పొద్దున ఒకలా ఉంటాడు, మధ్యాహ్నం ఒకలా ఉంటాడు. జాగ్రత్త!"

ఆ మాట సూరమ్మ చెవిలో పడింది. పడి అక్కడే ఉండిపోయింది.

తిమ్మన్న పుస్తకం తీసుకున్నాడు. వెంటనే అట్ట మొదలుపెట్టలేదు. కొమ్మ మీద కూర్చుని చదివాడు. మళ్ళీ చదివాడు. కొన్నాళ్ళు కొమ్మ దిగలేదు. తర్వాత అట్ట చేసి ఇచ్చాడు.

ఎలా ఉందనుకున్నారు? మద్దిచెట్టు బెరడు తీసుకుని, కాలిన కొండ మీది బొగ్గు నూరి రుద్దాడు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నలుపే. పువ్వు లేదు, తీగ లేదు, ఒక్క అక్షరం లేదు. కింద ఒక మూలగా మాత్రం చిన్న కంత కోశాడు. అట్ట వెనక ఇంకో ఆకు కుట్టి, దాని మీద ఆకుపసరుతో ఏదో గీశాడు. ఆ పచ్చదనం కొంచెం ఆ కంతలోంచి మెరుస్తోంది. అంతే.

చూడగానే సూరమ్మ ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. బాగుందో బాగాలేదో తెలియలేదు. చూపు తిప్పుకోవడం మాత్రం చేతకాలేదు.

మొదటి రోజు వచ్చింది. పుస్తకాన్ని బండ మీద పెట్టారు. అందరికంటే ముందు నక్క జంబయ్య వచ్చాడు. అనుమానాల్లో అడవికంతటికీ పెద్ద ఆయన. ఎవరైనా పండు ఇస్తే, ముందు వాళ్ళ చేతే ఒక ముక్క కొరికించి ఆ తర్వాత తినేవాడు.

"ఏమిటిది?" అన్నాడు జంబయ్య.

"పుస్తకంలా ఉంది మామా" అంది కోతి.

"పుస్తకంలా ఉందంటే పుస్తకం కాదన్నమాట. పేరేదీ? మంచివాడెవడైనా పేరు దాచుకుంటాడా? ఇంత నలుపెందుకు? దీని వెనక ఏదో ఉంది."

అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. కోతి మాత్రం తల వంచి చూసి, గట్టిగా అరిచింది. "మామా! అది మనకేసి చూస్తోంది!"

అందరూ ఎడమవైపు జరిగారు. ఆ పచ్చటి మెరుపు ఎడమవైపు చూసినట్టే ఉంది. కుడివైపు జరిగారు. కుడివైపూ చూసినట్టే ఉంది.

"కన్ను!" అన్నాడు జంబయ్య. "పొదలో నక్కిన చిరుతపులి కన్ను! మనల్ని దగ్గరికి రప్పించడానికే ఈ పన్నాగం!"

అంతే, దుమ్ము లేచిపోయింది. బండ దగ్గర ఒక్కరు లేరు. దూరంగా చెట్టుచాటున దుప్పి పోలమ్మ అవ్వ మాత్రం నిలబడి ఉంది. దగ్గరికి రాదు, వెళ్ళిపోదు. చూపు మాత్రం ఆ నల్ల అట్ట మీదే. పోలమ్మ ముసలితనంలో లేకలేక కన్న పసిబిడ్డ ఆ కొండ మంటల్లో పోయింది. అప్పటినుంచి ఆవిడ పచ్చగడ్డిని కూడా వాసన చూసి చూసి గానీ తినదు.

సాయంత్రం సూరమ్మ తిమ్మన్న దగ్గరికి వెళ్ళింది.

"తమ్ముడూ, నేను నీకేం అపకారం చేశాను? చిరుతపులి కన్ను గీశావట!"

"నేను కన్ను గీయలేదక్కా. నీ కథ చదువుతుంటే నా ఒళ్ళు ఏ రంగు తిరిగిందో ఆ రంగే వేశాను. మొదలుపెట్టగానే నల్లబడ్డాను. ఎండలో పడుకున్నా ఆ నలుపు వదల్లేదు. చివరి తాటాకు చదివాక ఇదిగో, ఈ భుజం మీద చుక్కంత పచ్చబడింది. అంతే పచ్చబడింది, అంతే కోశాను."

"ఇలా చెయ్యమని ఎవరైనా చెప్పారా నీకు?"

"నువ్వే చెప్పావు కదక్కా, రాసి."

సూరమ్మ నమ్మలేదు. ఉడుత మాట చెవిలో ఇంకా తిరుగుతూనే ఉంది. తిరిగి వస్తుంటే జంబయ్య ఎదురయ్యాడు.

"సూరమ్మా, నీ మంచికోరి చెబుతున్నా. నెమలి దగ్గర రాలిన ఈకలున్నాయి. ఆ నల్లబెరడు పీకి ఈకలు కట్టు. ఎవరు రారో చూస్తాను."

సూరమ్మ ఆలోచించింది. కథకి ఈకలు నప్పవని తెలుసు. కానీ చెదపురుగులు కళ్ళముందు మెదిలాయి. ఆ చీకట్లోనే నల్ల అట్టనీ, దాని వెనక కుట్టిన ఆకునీ విప్పి, చూడనైనా చూడకుండా పక్కన పెట్టింది. నెమలి ఈకలు కట్టింది.

రెండో రోజు. అబ్బో, ఏం జనం! ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు. కుందేలు దంపతులు ముందుకొచ్చారు. ఆ రోజే వాళ్ళమ్మాయి పెళ్ళి.

"ఎంత ముచ్చటగా ఉందో చూడండి! ఇది తప్పకుండా పెళ్ళి కథే. పందిట్లో చదివిద్దాం" అంది కుందేలమ్మ. పుస్తకం ఎత్తుకుని వెళ్ళిపోయారు.

సూరమ్మ పొదచాటున ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. కుందేలమ్మ రొప్పుతూ వచ్చి పుస్తకాన్ని బండ మీద విసిరికొట్టింది.

"పెళ్ళిపందిట్లో చదవాల్సిన కథా ఇది? మొదలే పొగ! ఆ తర్వాత మంట! పెళ్ళికూతురు ఏడుపు, వియ్యపురాలు ఏడుపు. వియ్యంకుడు లేచి వెళ్ళిపోతుంటే కాళ్ళు పట్టుకుని కూర్చోబెట్టాం. పైన ఈకలు పెట్టి లోపల నిప్పులు పెడతారా? మోసం!"

"చూశారా?" అన్నాడు జంబయ్య. "నిన్న నలుపు, ఇవాళ ఈకలు. ఇందులో ఏదో ఉందని నేనన్నానా లేదా?"

"ఈకలు కట్టమన్నది నువ్వే కదా మామా!" అంది కోతి.

"అదే నా అనుమానం! నేను చెప్పగానే ఎందుకు విన్నట్టు?"

అందరూ అసహ్యంగా పుస్తకం వంక చూసి వెళ్ళిపోయారు. సూరమ్మ ఒక్కతే మిగిలింది. అప్పుడు దానికి తెలిసివచ్చింది. 'నిన్న వాళ్ళ అనుమానానికి కారణం లేదు. ఇవాళ కారణం నేనే ఇచ్చాను.'

ఈకలు విప్పింది. నెమలివి నెమలికి ఇచ్చేసింది. నల్ల అట్టని, వెనకాకుతో సహా, మళ్ళీ తన చేతులతో కట్టింది. "తండ్రీ, ఇక నీదే భారం" అని దేవుడికి మొక్కింది.

మూడో రోజు బండ దగ్గర పిట్ట కూడా వాలలేదు. మధ్యాహ్నానికల్లా చెదపురుగులు బారులు తీరి కూర్చున్నాయి. ఎండ వాలడం మొదలుపెట్టింది. జంబయ్యా, కోతీ, ఇంకొందరూ దూరంగా నిలబడి చూస్తున్నారు.

చెట్టుచాటు నుంచి పోలమ్మ అవ్వ కదిలింది. ఒక అడుగు ముందుకి వేసింది. ఆగింది. చెవులు రిక్కించింది. ఇంకో అడుగు వేసింది.

"అవ్వా, వెళ్ళకు! పులి!" అంది కోతి.

"పులైతే పులి వాసన రాదట్రా? మూడు రోజులుగా గాలి ఇటే వీస్తోంది. ఒక్కసారైనా రాలేదు. మరి ఏం వాసనో, అదీ అంతుపట్టడం లేదు. అదే నా అనుమానం" అంది అవ్వ.

బండ దగ్గరికి వెళ్ళింది. మూతి సాచి నల్ల అట్టని వాసన చూసింది. మూతి తీయకుండా ఇంకోసారి పీల్చింది.

"ఇది మా కొండ బొగ్గు" అంది మెల్లగా.

కంతకి కన్ను దగ్గరగా పెట్టి చూసింది. తర్వాత మూతితో అట్ట తెరిచింది. వెనక ఆకు కనబడింది. ఆకంతా ఖాళీ. ఒక మూల మాత్రం ఆకుపసరుతో గీసిన చిన్న గడ్డిమొలక. కన్ను కాదు, పులి కాదు. మొలక!

అవ్వ చదవడం మొదలుపెట్టింది.

"ఏముందవ్వా లోపల?" అని అరిచింది కోతి.

"నోరు మూసుకుని విను" అని అవ్వ పైకి చదవసాగింది.

మొదట పొగ. తర్వాత మంట. ఏట్లో దిగిన గుంపులు. ఒక తల్లి సగం ఏరు దాటి, బిడ్డ వెంట లేదని చూసుకుని, వెనక్కి మంటల్లోకి తిరిగింది. అక్కడ అవ్వ తాటాకు మీంచి తల ఎత్తింది.

"ఆ రోజు నుంచీ అందరి చూపులూ నన్ను అడుగుతూనే ఉన్నాయి, ముందే ఎందుకు చూసుకోలేదని" అంది. "ఈ పుస్తకం ఒక్కటే అడగలేదు."

కోతి చెట్టు దిగింది. ఉడుత వచ్చింది. కుందేలు దంపతులు వచ్చి, ఈసారి ఏడవడానికే కూర్చున్నారు. అవ్వ మళ్ళీ అందుకుంది. కొన్ని తాటాకులు మిగిలి ఉండగానే పొద్దుగూకింది.

"ఆగండి!" అన్నాడు జంబయ్య. "ఆచారం ఆచారమే. పుస్తకం చెదలకి ఇచ్చెయ్యాలి."

అందరూ చెదపురుగుల పెద్ద వంక చూశారు.

"కాస్త ఆగు బావా" అన్నాడు ఆ పెద్ద. "ఆ తల్లి ఏమైందో తేలనీ."

"మీ తిండి పోతుందయ్యా!"

"పుట్టిన దగ్గర్నుంచీ పుస్తకాలే తింటున్నాం. ఒక్కదానిలోనైనా ఏముందో మాకు ఎవరూ చదివి చెప్పలేదు. పొట్ట నిండకపోతే మానె, చదువమ్మా చదువు!"

అవ్వ చదివింది. చివరి తాటాకులో వాన పడింది. వాన వెలిశాక ఆ తల్లి మళ్ళీ కొండెక్కింది. బూడిదలో ఒకచోట, చూపుకి ఆననంత చిన్న మొలక. అంతటితో కథ అయిపోయింది. చెదపురుగులు వచ్చిన దారినే, వట్టి కడుపులతో, వరస తప్పకుండా వెళ్ళిపోయాయి.

పోలమ్మ అవ్వ పుస్తకం మూసి ఆ అట్టని మళ్ళీ చూసింది. ఈసారి ఆవిడ చూపులో భయం లేదు.

"ఎవరు చేశారర్రా దీన్ని?"

కొమ్మ మీంచి తిమ్మన్న భయపడుతూనే పలికాడు. "నేనే అవ్వా."

"ఈ పచ్చదనం ఇంత చిన్నగా ఎందుకు ఉంచావు నాయనా?"

"కథలో అంతే ఉంది కదవ్వా."

"అవును" అంది అవ్వ. "ఇంకాస్త పెద్దది కోసి ఉంటే అబద్ధమయ్యేది. అసలు కొయ్యకపోతే నాకు తెరిచే ధైర్యం చాలేది కాదు. ఇంత నలుపు వేసి, దానికి ఇంతే వెలుగు ఇవ్వాలని తెలిసిందే, అదీ పనితనం! కథని చదివినవాడు చేసిన అట్ట ఇది."

సూరమ్మ తిమ్మన్న దగ్గరికి వెళ్ళి, "తమ్ముడూ, మొదట అనుమానించింది నేనే" అంది. తిమ్మన్న ఒంటినిండా లేతపచ్చగా అయిపోయాడు.

"మరి నేను మాత్రం..." అంటూ జంబయ్య ఏదో మొదలుపెట్టబోయాడు. వినడానికి అక్కడ ఎవరూ లేరు. అందరూ అట్ట చుట్టూ చేరి, ఆ కంతలోంచి తమ వంతు చూడడానికి తోసుకుంటున్నారు.

మర్నాడు పొద్దున్నే పోలమ్మ అవ్వ ఏరు దాటి కొండ వైపు నడిచింది. ఒక్కొక్కరుగా అందరూ వెంట నడిచారు. కొండ ఇంకా నల్లగానే ఉంది. అవ్వ మోకాళ్ళు వంచి, మూతి బూడిదకి ఆనించి, వెతకడం మొదలుపెట్టింది.

నీతి: మంచి అట్ట కథకి తలుపు లాంటిది. అనుమానంతో బయటే నిలబడ్డవాడికి తలుపు కూడా గోడలాగే కనబడుతుంది. తెరిచినవాడికే లోపల ఏముందో తెలుస్తుంది.