బుడంకాయ ఎత్తులో ఇల్లు

కత్తెరపాడులో తెలివిగలవాళ్ళ ఇల్లు ఏదని అడిగితే ఊళ్ళోవాళ్ళు తలో ఇల్లూ చెబుతారు. దర్జీ సోమలింగాన్ని అడిగితే మాత్రం తడుముకోకుండా తన ఇల్లే చూపిస్తాడు. ఆ ఇంట్లో మనుషులు ముగ్గురే. సోమలింగం, వాడి తమ్ముడు భీమలింగం, వాళ్ళమ్మ మంగాయమ్మ. అన్నదమ్ములిద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఇంత తెలివిగలవాళ్ళకి పిల్లనివ్వాలంటే ఎవరికైనా బెదురుగానే ఉంటుందిలే అని మంగాయమ్మ సర్దిచెప్పుకునేది.

ఆ తెలివంతా వాళ్ళ నాన్న ఇచ్చిపోయిన ఆస్తి. పోయేముందు ఆయన కొడుకులిద్దర్నీ పక్కన కూర్చోబెట్టుకుని, "నాయనా, కొలవకుండా ఏ పనీ చెయ్యొద్దురా" అన్నాడు. పాపం ఆయన దర్జీ పని గురించి చెప్పాడు. వీళ్ళు బతుకంతటికీ చెప్పాడనుకున్నారు. అంతే, ఆ రోజునుంచి మెళ్ళోంచి టేపు దిగితే ఒట్టు. అన్నానికి కూర్చుంటే ముద్దకొక కొలత, నోటికొక కొలత. చుట్టం వస్తే ముందు ఆయన్ని కొలిచి, తర్వాత గుమ్మాన్ని కొలిచి, పడతాడని తేలాకే లోపలికి రానిచ్చేవాళ్ళు. ఒకసారి మేనమామ వచ్చి, ఈ కొలతలు తెమిలేలోపు విసిగిపోయి, గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. "చూశావా తమ్ముడూ, కొలవబట్టి తెలిసింది, మావయ్యకి ఓపిక పొట్టిదని" అన్నాడు సోమలింగం.

అలాంటి ఇంట్లోకి ఒక పిల్లి వచ్చి చేరింది. కత్తిరింపు ముక్కలు పారేసే గంపలో ఒకనాడు కళ్ళు తెరవని కూన కనిపించింది. సోమలింగం దాన్ని జేబులో పెట్టుకుని పెంచాడు. ఒళ్ళు బాగానే పెరిగింది. మూరెడు పొడవై, బాలీసు దిండులా తయారైంది. కాళ్ళు మాత్రం బెత్తెడు దగ్గరే ఆగిపోయాయి. పైగా ఒళ్ళు వంగదు. వెనకనుంచి పిలిస్తే మెడ ఒక్కటీ తిప్పడం దానివల్ల కాదు, ఇరుకు సందులో బస్సు తిప్పినట్టు మొత్తం ఒళ్ళంతా తిప్పుకుని చూడాలి. పీట ఎక్కబోతే ముందుకాళ్ళు ఎక్కేవి, తక్కిన పిల్లి కిందే ఉండిపోయేది. దానికి బుడంకాయ అని పేరు పెట్టారు.

సోమలింగానికి అదంటే ప్రాణం. కుట్టుమిషను కింద కాలితో తొక్కే పలక మీద అది పడుకునేది. దానికి నిద్ర చెడకూడదని వాడు ఊయల ఊపినట్టు మెల్లగా తొక్కేవాడు. దసరాకి ఇచ్చిన చొక్కాలు ఉగాదికి తయారయ్యేవి. ఎవరైనా గట్టిగా అడిగితే, "పిల్లి లేచాక కుడతానండీ" అని మర్యాదగానే చెప్పేవాడు.

ఇలా హాయిగా ఉండగా అటక మీదికి ఒక ఎలక చేరింది. అటక మీద ఊరివాళ్ళ గుడ్డలు మూటలుగా ఉంటాయి. మునసబుగారి పట్టు కండువా నడిమధ్య పిడికెడు కన్నం పడింది. భీమలింగం దాని చుట్టూ కాజా కుట్టి, బొత్తాం పెట్టి పంపించాడు. ఆయన దాన్ని తిరిగి వీడి మొహాన కొట్టాడు. మంగాయమ్మకి ఒళ్ళు మండిపోయింది. చీపురు పట్టుకుని మిషను దగ్గరికొచ్చింది.

"ఏందిరా ఈ పిల్లి? తినటానికే గానీ ఎలక మొహం చూసిన పాపాన పోలేదు. ఇదిగో చెప్తన్నా, ఎలకని పట్టలేనోళ్ళకి ఈ ఇంట్లో చోటు లేదు. శుక్రవారం పొద్దుటికల్లా పట్టకపోతే గోనెసంచిలో పెట్టి కాలవ అవతల వదిలేస్తా. నా మాటకి తిరుగులేదు."

సోమలింగం గుండెల్లో రాయి పడింది. అమ్మ మాటంటే మాటే. ఒకసారి కోపంలో "ఇక నీకు అన్నం పెట్టను" అంది. ఆ రోజునుంచి భీమలింగమే వాడికి వడ్డిస్తున్నాడు. సోమలింగం బుడంకాయని ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"ఏడవమాక అన్నా. ఇది కటింగులో తప్పు, అంతే" అన్నాడు భీమలింగం. "దేవుడు నడుముకి గుడ్డ మస్తుగా కత్తిరించేసి ఉంటాడు. కాళ్ళ దగ్గరికొచ్చేసరికి పీలిక మిగిలింది."

"మరి ఏం చేద్దాంరా?"

"పాంటు పొట్టైతే ఏం జేస్తాం? కింద మడత విప్పుతాం. నాలుగు కాళ్ళకీ మడత విప్పితే సరి."

ఈ ఉపాయానికి సోమలింగం మొహం వెలిగింది. ఇద్దరూ బుడంకాయ పాదం పట్టుకుని, వేళ్ళ మధ్య మడత ఎక్కడుందా అని వెతకసాగారు. పిల్లి కాసేపు ఊరుకుంది. తర్వాత పంజా విప్పింది. ఇంకేముంది, భీమలింగం బుగ్గ మీద నాలుగు గీతలు తేలాయి.

"మడత ఉందన్నా" అన్నాడు వాడు బుగ్గ పట్టుకుని, "కానీ లోపల గుండుసూదులు వదిలేశాడు దేవుడు. ఇట్టాంటి పనిమంతుణ్ణి నేనెక్కడా చూళ్ళేదు."

దేవుడి పని దిద్దడం తమవల్ల కాదని పిల్లిని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టరమ్మ ఓపికమంతురాలు. వీళ్ళు ఆమెను, ఆమె బల్లను, గోడ మీది బల్లిని కొలవడం పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు పిల్లిని చూసింది. వెన్ను తడిమింది, కాళ్ళు చూసింది.

"దీనికి జబ్బేమీ లేదు బాబూ. పుట్టుకే ఇంత. కాళ్ళు పొట్టి, వెన్ను బిర్రు. వంచొద్దు, సాగదీయొద్దు. ఎత్తేటప్పుడు రెండు చేతులూ ఒంటి కింద పెట్టి ఎత్తండి. ఒళ్ళు వంగదు కాబట్టి వీపు నాక్కోలేదు, అది రోజూ మీరే చూసుకోవాలి. ఎత్తులు ఎక్కనియ్యొద్దు, దూకనియ్యొద్దు. దానికి కావలసినవన్నీ దాని ఎత్తులోనే ఉంచండి. హాయిగా బతుకుతుంది."

హాయిగా బతుకుతుంది అన్న మాటకి సోమలింగం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇంతకాలానికి దాన్ని అర్థం చేసుకున్నవాళ్ళు ఒకరు దొరికారు. ఆమె చెప్పినదాంట్లో అక్షరం పొల్లుపోకూడదని అక్కడికక్కడే ఒట్టేసుకున్నాడు.

రెండు చేతులూ కింద పెట్టి ఎత్తాడు. ఇంటిదాకా మోసుకొచ్చాడు. వచ్చి నట్టింట్లో నిలబడ్డాడు.

"దించు అన్నా" అన్నాడు భీమలింగం.

"ఎట్టా దించాలో ఆమె చెప్పలేదు కదరా."

అవును, చెప్పలేదు. భీమలింగం మళ్ళీ ఆసుపత్రికి పరిగెత్తాడు. ఈలోపు సోమలింగం ముక్కు మీద ఈగ వాలింది. మంగాయమ్మ వచ్చి విసనకర్రతో ముక్కు మీద ఒక్కటిచ్చింది. ఈగ పోయింది, వాడు మాత్రం పిల్లిని వదలకుండా అలాగే నిలబడ్డాడు. భీమలింగం రొప్పుతూ వచ్చి, "నెమ్మదిగా దించమంది" అన్నాడు. అంతే, తమ్ముడు పక్కన టేపు పట్టుకుని వేలెడు వేలెడు చెబుతుంటే, అన్న వేలెడు వేలెడు దించుతూ వచ్చాడు. మోకాళ్ళ దాకా వచ్చేసరికి దీపాల వేళయింది. బుడంకాయకి విసుగొచ్చి తనే దిగిపోయి పాలగిన్నె దగ్గరికి వెళ్ళింది.

ఇక వీపు సంగతి. అది నాక్కోలేదు, మీరే చూసుకోవాలని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. పొద్దున అన్న, సాయంత్రం తమ్ముడు అని వంతులు వేసుకున్నారు. మొదటి వంతు అయ్యేసరికి సోమలింగం నాలుక మీద పిల్లి బొచ్చు గడ్డిలా మొలిచింది. మాట్లాడితే మాట రాదు, బొచ్చు వస్తుంది. మంగాయమ్మ అది చూసి నోరు తెరిచింది.

"ఏందిరా ఆ పని?"

"వైద్యం అమ్మా."

"వైద్యమైతే ఉప్పు అద్దుకోరా, కాస్త నోటికి హితవుగా ఉంటది" అని ఉప్పు చిప్ప తెచ్చి పక్కన పెట్టింది. కన్నతల్లి కదా.

గురువారం తెల్లవారింది. ఎలక అటక మీద టకటకమని తిరుగుతూనే ఉంది. రేపటితో గడువు తీరిపోతుంది. సోమలింగం ముద్ద మింగలేక విస్తరి పక్కకు నెట్టాడు. అప్పుడు భీమలింగానికి డాక్టరమ్మ ఆఖరిమాట గుర్తొచ్చింది. కావలసినవన్నీ దాని ఎత్తులో ఉంచమంది కదా, ఆ పని ఇంకా చెయ్యనే లేదు.

"దానికి ఏం కావాలో మనకెట్టా తెలుస్తదిరా?"

"అది దేన్ని చూస్తే అది కావాలన్నట్టే గదా. మెడ తిరగదు కాబట్టి ఊరికే అటూ ఇటూ చూడదు. చూసిందంటే గట్టిగా కావాలన్నమాటే."

ఈ తర్కానికి తిరుగు లేదు. రంపం తెచ్చారు. బుడంకాయ మంచం వైపు చూసింది, మంచం కోళ్ళు కోసేశారు. అద్దం వైపు చూసింది, దాన్ని నేల దగ్గర మేకు కొట్టి తగిలించారు. తల దువ్వుకోవాలంటే ఇక బోర్లా పడుకోవాల్సిందే. దండెం వైపు చూసింది, దాన్ని బెత్తెడు ఎత్తులో కట్టారు. ఉతికిన బట్టలు మట్టిలో పొర్లితే, మంగాయమ్మ మళ్ళీ ఉతికి మళ్ళీ అక్కడే ఆరేసింది. మిషనుకి ఇనుపకాళ్ళు, రంపానికి లొంగవు. గొయ్యి తవ్వి అందులో దింపారు. తర్వాత పిల్లి ముక్కాలిపీట వైపు చూసింది. పీట మీద మంగాయమ్మ కూర్చుని పప్పు ఏరుకుంటోంది. ఆమెను లేపడం ఎందుకని కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉంచి పీట కాళ్ళు కోశారు.

"ఒరే, ఇల్లు పైకి పోతాంది, చూశారా?" అంది మంగాయమ్మ పప్పు చాట గట్టిగా పట్టుకుని.

"పోనీలే అమ్మా, మనం కిందే ఉందాం" అన్నాడు సోమలింగం.

అప్పుడు అటక మీద ఎలక కిచకిచలాడింది. బుడంకాయ ఆగింది. మెడ ఎత్తలేదు కాబట్టి, వెనక కాళ్ళ మీద కూలబడి, మొత్తం ఒళ్ళంతా నిలువుగా లేపి, నిలబెట్టిన దిండులా కూర్చుని అటకనే చూడసాగింది. కన్ను ఆర్పలేదు.

సోమలింగానికి ఒళ్ళు జల్లుమంది. "ఒరే తమ్ముడూ, దానికి ఎలక కావాల్రా. దాని ఎత్తులో పెట్టలేదు మనం. తప్పు మనది, పాపం దాన్ని తిట్టిస్తన్నాం."

ఇంకేముంది, అటకని దించాలి. నేలనుంచి అటకకి టేపు పెట్టి కొలిచారు. అటకనుంచి నేలకి కూడా కొలిచారు, రెండూ ఒకటే వచ్చాయి, శుభం అనుకున్నారు. ఒక చివర కట్టు కోసేశారు. అటక ఆ చివర నేలకి వాలి జారుడుబల్ల అయింది. దాని మీదనుంచి ముందు ఇత్తడి గుండిగ వచ్చింది, తర్వాత గుమ్మడికాయ వచ్చింది, తర్వాత ఊరివాళ్ళ గుడ్డలన్నీ వచ్చాయి. భీమలింగం గుడ్డల కింద కూరుకుపోయాడు. అన్నిటికన్నా ఆఖర్న, కాళ్ళు నాలుగూ చాపుకుని ఎలక జారుకుంటూ వచ్చింది. బుడంకాయ ముందుకాళ్ళు నేల మీద ఆనించి, వంగకుండా, దూకకుండా, ఉన్నచోటనే నిలబడి నోరు తెరిచింది. ఎలక నేరుగా అందులోకి వచ్చేసింది.

మంగాయమ్మ చాట పక్కన పెట్టి వచ్చి, పిల్లి తల నిమిరింది. "పిల్లంటే ఇట్టా ఉండాల. కాళ్ళు పొట్టైతే ఏందంట, పని పొట్టి కాదు. ఇది ఈ ఇంట్లోనే ఉంటది" అంది. సోమలింగం దాన్ని రెండు చేతులూ కింద పెట్టి ఎత్తుకుని గుండెకి ఆనించుకున్నాడు. వాడు జన్మలో అంత సంతోషం ఎరగడు. ఆ రోజు సాయంత్రం తమ్ముడి వంతు వీపు కూడా తనే నాకాడు.

శుక్రవారం పొద్దున సోమలింగం గోతిలో కూర్చుని మిషను తొక్కుతుంటే, భీమలింగం ఏదో ఆలోచిస్తూ వచ్చి గోతి గట్టు మీద కూర్చున్నాడు.

"అన్నా, అమ్మ ఏమంది? ఎలకని పట్టలేనోళ్ళకి ఈ ఇంట్లో చోటు లేదంది గదా."

"అంది. బుడంకాయ పట్టింది గదా."

"అది పట్టింది. నువ్వు పట్టావా?"

సోమలింగం కాలు ఆగిపోయింది. పట్టలేదు.

"నేనూ పట్టలేదు" అన్నాడు భీమలింగం దిగులుగా.

అమ్మ మాటకి తిరుగు లేదు. ఇద్దరూ లేచి, ఒకరి కొలతలు ఒకరు తీసుకుని, నాలుగు గోనెలు కలిపి సంచి కుట్టడం మొదలుపెట్టారు. చంకల దగ్గర వదులుగా, మెడ దగ్గర ఒరుసుకోకుండా. ఆ ఇంట్లోంచి అంత చక్కటి కుట్టు అంతకుముందు ఎన్నడూ బయటికి రాలేదు. పిల్లి ఉంటుంది, అది చాలు అనుకున్నాడు సోమలింగం. కానీ లోపలికి దిగాక దుఃఖం ఆగలేదు. "నేను పోతే దాని వీపు ఎవరు చూస్తారే అమ్మా" అని సంచిలోంచి ఏడ్చాడు.

ఆ ఏడుపు విని మంగాయమ్మ వచ్చింది. ఏమిటని అడిగింది. చెప్పారు. ఆమె నిలబడి సాంతం విని, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"అయితే నేను మాత్రం పట్టానంట్రా? నా మాట నేనే తప్పితే రేపు మీరు నన్ను లెక్కచేస్తారా? జరగండి, నన్నూ రానియ్యండి" అంటూ తనూ సంచిలోకి దిగింది. దిగి, దబ్బనం అందుకుని, మూతి లోపలినుంచే గట్టిగా కుట్టేసింది.

ముగ్గురూ చీకట్లో సర్దుకుని కూర్చున్నారు. కాలవ ఎంతకీ రాలేదు.

"అన్నా" అన్నాడు భీమలింగం, "ముగ్గురం లోపలే ఉన్నాం గదా. మరి మనల్ని అవతలికి మోసేదెవరు?"

"ఇంట్లో ఎవరు మిగిలారో వాళ్ళే. బుడంకాయ మోస్తది."

బయట బుడంకాయ మియావ్ మని సంచి చుట్టూ ఒకసారి తిరిగినట్టు వినిపించింది. తర్వాత సద్దులేదు. చాలాసేపటికి మంగాయమ్మ, "ఇంకా కదల్లేదేందిరా" అని సణిగింది.

"తొందరపెట్టమాక అమ్మా" అన్నాడు సోమలింగం. "అది వంగకుండా ఎత్తాల గదా, కాస్త ఆలస్యమవుద్ది."