లేహ్యమూ కషాయమూ

అనగనగా, పిల్లలూ, గోరంతపురమనే రాజ్యం ఒకటుండేది. పేరుకు గోరంత, మర్యాదలు మాత్రం కొండంత. వాటిలో ఒక వింత మర్యాద ఉంది. ఒక వైద్యుడి ముందు ఇంకో వైద్యుడి పేరెత్తకూడదు. ఎత్తితే ఆయన్ని అవమానించినట్టే లెక్క.

ఆ దేశపు రాజు ధీరకేతుడికి గుండె దడ పట్టుకుంది. తూర్పు వీధి వైద్యుడు సోమదత్తుడు లేహ్యం ఇచ్చాడు. దడ తగ్గింది. చలికాలం రాగానే మోకాళ్లు పట్టేశాయి. పడమటి వీధి వైద్యుడు నాగశర్మ కషాయం ఇచ్చాడు. నొప్పీ తగ్గింది. రాజు మురిసిపోయాడు. మర్యాదస్థుడు కదా, ఒకరి మందు సంగతి ఇంకొకరి దగ్గర పొక్కనివ్వలేదు.

కొన్నాళ్లకు పళ్లు తోముకుంటే రక్తం. తర్వాత ఒళ్లంతా కమిలిన మచ్చలు. ఆ పైన ఒకనాడు నిండుసభలో ముక్కు నుంచి రక్తం ధారగా కారి, సింహాసనం మీదే సొమ్మసిల్లాడు.

రాణి వకుళమాల గుండెల్లో రాయి పడింది. భర్త దక్కడేమోనని హడలిపోయింది. అయితే ఆమెది ఏ సంగతైనా అంతు తేలేదాకా వదలని స్వభావం. సోమదత్తుణ్ణి పిలిపించి, లేహ్యంలో దోషమేమైనా ఉందా అని అడిగింది. లేదన్నాడు, ఒట్టేసి మరీ. నాగశర్మను అడిగింది. ఆయనదీ అదే మాట, అదే ఒట్టు. ఇద్దరూ నిజమే చెబుతున్నారని ఆమెకు తోచింది. ఇద్దరిదీ నిజమే అయితే మరి ఈ రక్తం ఎక్కడిది?

మూడోసారి ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టింది. దాసీలు బుగ్గలు నొక్కుకున్నారు.

"మర్యాద తప్పుతున్నాను, మన్నించండి" అంది రాణి. "మహారాజు ఈయన లేహ్యమూ తింటున్నారు, ఆయన కషాయమూ తాగుతున్నారు. ఈ రెండూ ఒకే కడుపులో పడవచ్చునా?"

వైద్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏయే మూలికలు వేశారో మొదటిసారి ఒకరికొకరు చెప్పుకున్నారు. సోమదత్తుడి ముఖం పాలిపోయింది.

"అమ్మా, నా మందు నెత్తుటిని పలచబరుస్తుంది. ఈయన మందూ అంతే. రెండూ కలిస్తే కారే నెత్తురు ఆగదు."

నాగశర్మ వెంటనే కషాయం మానిపించి, మోకాళ్లకు తైలం మర్దన చేయించాడు. రాజు మెల్లగా కోలుకున్నాడు. లేచి కూర్చోగానే ఇద్దరినీ పిలిచి, సిగ్గుపడుతూ అన్నాడు: "మిమ్మల్ని నొప్పించకూడదనుకుని, రాణి పసుపుకుంకాలకే ఎసరు పెట్టబోయాను."

ఆ మర్యాద ఆనాటితో చెల్లిపోయిందని దండోరా వేయించాడు.

కనుక పిల్లలూ, విడివిడిగా మేలు చేసే మందులు కలిస్తే కీడు చేయవచ్చు. వైద్యుడి దగ్గర ఏదీ దాచకూడదు, అడగకుండా ఏ రెండు మందులూ కలిపి వాడకూడదు.