జోడుకో పలక

మూడేళ్లు వరసగా వానలు మొహం చాటేశాయి. మెట్టలో గడ్డి వేళ్లతో సహా మాడిపోయింది. పశువులు ఎముకల గూళ్లయిపోయి, ఏరు సముద్రంలో కలిసే చోట మడ అడవి పక్కనున్న వలసల రేవుకి చేరాయి. అవతల దీవిలో అడవిపందుల చెరకు తోటలున్నాయని, పని చేసినవాడికి పచ్చిమేతకి కొదవ లేదని నక్క మేస్త్రీ ఊరూరా తిరిగి చెప్పాడు. ఐదేళ్లు పని, ఆ తర్వాత అదే తెప్ప మీద ఇంటికి. మాట అదీ.

ఆ రేవుకి అధికారి ఒక ముసలి కొంగ. వలస రక్షకుడని ఆయన హోదా. లంచం ముట్టడు. నక్క రెండుసార్లు కొర్రమీనులు పంపితే రెండుసార్లూ తిప్పి పంపాడు. వచ్చిన ప్రతి ప్రాణినీ విడిగా పిలిచి, ఇష్టంతోనే వెళ్తున్నావా, ఎవరైనా బలవంతం చేశారా, ఐదేళ్ల సంగతి తెలుసా అని అడిగేవాడు. ఆపైన తడి మట్టిపలక మీద గిట్ట నొక్కించి, పక్కన పేరు గీసేవాడు. వెళ్లడానికీ ఆ పలకే ఆధారం, తిరిగి రావడానికీ ఆ పలకే. మంచివాడే. మంచివాడు కాబట్టే ఇంత పని జరిగిందని నా ఏడుపు.

తెప్ప కదలాల్సిన రోజున చిక్కొచ్చిపడింది. తెప్పకి అరవై పలకలు మించకూడదని పైనుంచి ఆజ్ఞ. రేవులో ప్రాణులు చూస్తే ఎనభై. మేకలు, గొర్రెలు, గేదెలు కలిపి నలభై, ఎద్దుల జోళ్లు ఇరవై.

"ఇరవైమంది ఆగిపోవాలి. మళ్లీ తెప్ప ఆరునెలలకి," అన్నాడు కొంగ.

"ఆరునెలలకి తెప్పొస్తాది దొరగారూ. అప్పటికి ఈళ్లుండాలి కదా," అన్నాడు నక్క.

కాస్త దూరంలో ఇసుక మీద రాబందులు తీరుబడిగా దిగి కూచుని ఉన్నాయి. కొంగ అటు చూడకుండా కాలు మార్చి నిలబడ్డాడు.

"ఒక్క మనవి," అన్నాడు నక్క. "ఎద్దుల జోడంటే కాడి ఒకటి, సాలు ఒకటి. జోడుకో పలక రాయండి. ఇరవై జోళ్లకి ఇరవై, మిగతావాళ్లకి నలభై. సరిగ్గా అరవై. ఒక్క ప్రాణి కూడా ఇక్కడ మిగలదు."

"ప్రాణికో పలక అని కదా చట్టం."

"అరవై దాటకూడదని కూడా చట్టమే కదండీ. బరువంటారా, ఏ జోడైనా ఇద్దరూ కలిసినా ఓ బలిసిన ఎద్దు బరువు తూగరు. నా మాటెందుకు, వాళ్లనే పిలిచి అడగండి."

ముందుగా మైలా, పుల్లా వచ్చారు. మైల బూడిద రంగు ఎద్దు, కాడికి కుడివైపు వాడు, వలపటోడు. పుల్ల ఎర్రెద్దు, ఎడమవైపు వాడు, దాపటోడు. దుక్కిలో ముందు అడుగు వలపటోడిది, మలుపు దగ్గర తిరిగేదీ ముందు వాడే. వాడు ఎటు తిరిగితే దాపటోడు అటు. తొమ్మిదేళ్లుగా అలాగే నడిచారు. నోరు కూడా మైలదే. పుల్ల పక్కన నిలబడి తలాడించేవాడు.

"మీ ఇద్దరికీ ఒక పలక చాలునా?" అడిగాడు కొంగ.

"మేమిద్దరం ఏటి బాబూ, ఒక్కటే," అన్నాడు మైల. ఆ మాట అనడంలో వాడికి గర్వం కూడా. సర్కారుని తెలివిగా బోల్తా కొట్టించి తోటివాళ్లందర్నీ తెప్ప ఎక్కిస్తున్నామన్న సరదా కూడా. మూడు ప్రశ్నలకీ మైలే జవాబిచ్చాడు. మైలే గిట్ట నొక్కాడు.

వెనకాల వరసలో ఉన్న ముసలి గేదె గవరమ్మ ఊరుకోలేదు. "పుల్లా, నీ గిట్ట కూడా ఓ మూల నొక్కించుకోరా. అడగడానికి సిగ్గేటి?"

"ఆడు నొక్కితే నాను నొక్కినట్టే పిన్నీ. సాల్లో నానెప్పుడైనా ముందు అడుగేశానా?" అన్నాడు పుల్ల.

"ఇది సాలు కాదురా నాయనా," అంది గవరమ్మ. అప్పటికే నక్క తరవాతి జోడుని ముందుకి తోశాడు.

ఇరవై జోళ్లూ అలాగే నడిచాయి. ఇరవైమంది వలపటోళ్లు గిట్టలు నొక్కారు, ఇరవైమంది దాపటోళ్లు తలలాడించారు. చట్టం గీత దాటకుండా ఇరవై ప్రాణాలు నిలబెట్టానని కొంగ ఆ పూట కడుపునిండా చేపలు తిన్నాడు.

దీవిలో పచ్చిమేత ఉన్న మాట నిజమే. అది పందుల దొడ్లో ఉంది. కూలీలకి పెట్టింది గానుగలో పిండేసిన చెరకు పిప్పి. ఇంకో సంగతి ఏమిటంటే, ఆ దీవిలో దుక్కి లేదు, కళ్లకి గంతలు కట్టుకుని తిరిగే గానుగలే. గానుగకి ఒకే ఎద్దు. మైలనొక గానుగకీ, పుల్లనొక గానుగకీ కట్టారు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఒకటే గుండ్రం. మేకలూ గొర్రెలూ రెండో ఏటికే సగమయ్యాయి. గవరమ్మ నాలుగో ఏట బురదలో కూలబడి లేవలేదు. గానుగలు ఆపిన కాసేపట్లో మైలా పుల్లా మెడలు రాసుకుని, ఇంకెన్నాళ్లో ఒకరికొకరు చెప్పుకునేవారు. ఇద్దరూ కలిసి ఇంటికెళ్లి, తడిసిన నేలలో ఒక్క సాలు తీయాలి. అంతకి మించి వాళ్లేమీ కోరలేదు.

ఐదేళ్లు నిండాయి. తెప్ప వచ్చింది. దాని మీద పలకల పెట్టెతో కొంగ, వెనకే నక్క కూడా వచ్చారు.

కొంగ మైల పలక తీసి, వాడి గిట్ట ఆనించి చూశాడు. సరిపోయింది. "ఎక్కు," అన్నాడు. మైల అడుగేశాడు. పక్కనే పుల్ల అడుగేశాడు. తోట యజమాని అడవిపంది ముట్టె అడ్డం పెట్టాడు.

"వీడి పలకేది?"

"అదే నాది కూడా," అన్నాడు పుల్ల.

"ఏదీ, ఆనించు."

పుల్ల ఎర్రగిట్ట ఆ గుంటలో పట్టలేదు.

"పలకున్నవాడు ఐదేళ్లు," అన్నాడు పంది. "పలక లేనివాడికి గడువేమిటి, ప్రాణమున్నంతకాలం నా గానుగే. మేస్త్రీ నాకు ఒప్పజెప్పింది అలాగే. ఏం మేస్త్రీ?"

వెనకాల నిలబడ్డ నక్క మీసం దువ్వుకున్నాడు. "అంతేగా మరి."

తను నిలబెట్టాననుకున్న ఇరవై ప్రాణాలు ఎక్కడికి పోయాయో ఇన్నేళ్లకి కొంగకి అర్థమైంది. ఇప్పుడే, ఇక్కడే పుల్ల చేత ఇంకో పలక నొక్కించవచ్చు. నొక్కిస్తే ఆనాడు అరవై పలకల తెప్ప మీద ఎనభైమందిని పంపానని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే రేవు పోతుంది, హోదా పోతుంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. కొంగలు కళ్లు మూసుకుంటే ధ్యానమో, నిద్రో, పిరికితనమో చూసేవాళ్లకి తెలీదు. నాకు తెలుసు.

"అర్జీ పెట్టుకో. పైకి పంపిస్తాను," అన్నాడు.

"బాబూ, నన్నుంచి ఆడిని పంపండి," అన్నాడు మైల.

"ముద్ర అతనిది కాదు," అన్నాడు కొంగ.

"అయితే నానూ ఎల్లను."

"ఉండిపో," అన్నాడు పంది సంబరంగా. "గడువయ్యాక ఆగినవాడికి ఇంకో ఐదేళ్లు రాయించుకుంటాను. ఆపైన నీ ఇష్టం."

మైల తెప్ప మీంచి ఒడ్డుకి దిగబోయాడు. అప్పుడు పుల్ల, పుట్టాక మొదటిసారి, వాడు ఎటు తిరగాలో తనే చెప్పాడు.

"నువ్వెల్లు. ఇద్దరం ఉండిపోతే మనం ఇక్కడున్నామని అక్కడ ఎవలికి తెలుస్తాది?"

"నువ్వు లేకుండా నానేటి సేస్తాను?"

ఇంకో మాటంటే మైల కదలడని పుల్లకి తెలుసు. వెనక్కి తిరిగి, ఎవరూ తోలకుండానే నడుచుకుంటూ వెళ్లి తన గానుగ దగ్గర నిలబడ్డాడు. ఆ తరవాత ఒడ్డున ఒకరి వెనక ఒకరు పంతొమ్మిదిమంది దాపటోళ్లు వెనక్కి తిరిగారు.

తెప్ప మీదికి ఇరవైమంది వలపటోళ్లు ఎక్కారు. ఒక్కొక్కడూ తన ఎడమపక్కన ఒక ఎద్దు పట్టేంత చోటు వదిలి నిలబడ్డాడు. మిగతా తెప్పంతా పంది బెల్లం బస్తాలే, వెనకాల చేరిన మేకలకి కాలు పెట్టే సందు లేదు.

"జరగండి, దగ్గరగా జరగండి," అని కొంగ అరిచాడు. ఎవరూ జరగలేదు. నక్క ముల్లుకర్రతో పొడిచాడు. అయినా జరగలేదు. చివరికి మేకల్ని ఒడ్డునే వదిలేసి, తెప్ప నిండిందని రాసుకుని కొంగ తాడు విప్పించాడు.

నీ బదులు ఎవడు ముద్ర వేసినా, నీ ప్రాణంతో సమానమైనవాడు వేసినా, రాసుకునేవాడి దగ్గర నువ్వు లేనట్టే.