కత్తిపీట మీద డ్యాష్‌బోర్డు

దేవుడు తెలివిని అందరికీ సమానంగా పంచాడంటారు గానీ అది ఒట్టి మాటండి. గవ్వలంకకి రావలసిన తెలివంతా సంగాని వారింట్లో దింపేసి చక్కా పోయాడాయన. ఈ మాట నేనన్నది కాదు, వాళ్ళే అంటారు. వాళ్ళమ్మ సత్తెమ్మయితే పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లుతూ, "మా ఇంట్లో తెలివి ఎక్కువై పారబోస్తున్నాం, అయినా ఈ ఊరోళ్ళు ఏరుకోరేంటో" అని తెగ బాధపడిపోయేది.

ఆవిడకి ముగ్గురు కొడుకులు. పెద్దోడు పోలారావు, నడిపోడు గంగరాజు, చిన్నోడు చిట్టబ్బాయి. చిన్నోడంటే పిల్లాడనుకునేరు, ముప్పయ్యేళ్ళవాడు, బారెడు మీసాలున్నాయి. ముగ్గురికీ కలిపి ఒక ఇంజను బోటుంది. దాని మీద జనాన్ని గోదారి దాటిస్తారు. గంగరాజు ఇంజను తాడు లాగుతాడు, పోలారావు వెనకాల చుక్కాని పడతాడు. చిట్టబ్బాయి "ఎక్కేవాళ్ళు ఎక్కండి! దిగేవాళ్ళు దిగండి!" అని అరుస్తాడు. పాటైనా పద్యమైనా అతనికి నోటికొచ్చింది ఆ ఒక్కటే.

పోలారావుకి నలభై దగ్గర పడుతున్నా పెళ్ళి కాలేదు పాపం. ఎనిమిది సంబంధాలొచ్చాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పది నిమిషాలు మాట్లాడి, ఇచ్చిన కాఫీ కూడా తాగకుండా లేచిపోయారు. తొమ్మిదోది అవతలి ఒడ్డు అప్పలస్వామి గారి అమ్మాయి వరలక్ష్మి. ఆ పిల్లని పోలారావు ఒకసారి తీర్థంలో జీళ్ళు కొనుక్కుంటుంటే చూశాడు. అప్పట్నుంచీ అన్నం సయించడం లేదు. అప్పలస్వామి గారు ఒకటే మాటన్నాడు.

"మా పిల్లకి పాటలంటే ప్రాణమండి. అత్తారి బోటులో పాట వినపడాలి. శుక్రవారం పిల్లతో వచ్చి మీ బోటెక్కుతాను. పాట వినపడిందా, అక్కడికక్కడే తాంబూలాలు. వినపడలేదా, నా దారి నాది."

మేనమామ ఎప్పుడో ఇచ్చిన స్టీరియో ఒకటి అటక మీద ఉంది. బోటు డ్యాష్‌బోర్డుకి బొక్క పెట్టి అందులో కూర్చోబెట్టడమే తరువాయి. డ్యాష్‌బోర్డంటే పెద్ద విశేషమేం కాదు, బోటు ముందు భాగాన అడ్డంగా బిగించిన ప్లైవుడ్డు చెక్క. గోదారి నీళ్ళు తాగీ తాగీ నానిన అప్పడంలా ఉంటుంది.

"ముందు కొలత తియ్యండ్రా" అంది సత్తెమ్మ.

వాళ్ళింట్లో కొలతంటే చేపేనండి. వీధి తలుపు రెండు పండుగప్పల పొడుగు, మంచం మూడు. టేపు మనిషి చేసింది, చేప దేవుడు చేసింది, అందులో తప్పుండదని వాళ్ళ నమ్మకం. గంగరాజు బుట్టంతా వెతికి, స్టీరియోకి సరిగ్గా సమానంగా ఉన్న కొయ్యింగ చేపనొకదాన్ని పట్టుకొచ్చాడు. అంతే, ముగ్గురూ దాన్ని కర్రకి కట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో టౌనుకి బయల్దేరారు.

ఇనప కొట్టు భద్రం అడిగాడు. "ఎంత బొక్క కావాలయ్యా?"

గంగరాజు చేపని బల్ల మీద పెట్టాడు. "ఇంత."

"చేప దాచుకోడానికా?"

"కాదండి, పాటలు వినడానికి."

భద్రం నెత్తి గోక్కుని, అసలు సంగతేంటో నాలుగుసార్లు అడిగి తెలుసుకున్నాడు. "అలా చెప్పండి మరి! ఇదిగో కరెంటు రంపం, వెన్న కోసినట్టు కోస్తుంది. ఇది యాక్సా బ్లేడు, కాస్త చెయ్యి నొప్పెడుతుంది గానీ పనవుతుంది. రెండూ తీసుకెళ్ళి, మీకు ఏది బాగుంటే అది వాడుకోండి. కానీ తొందరపడొద్దు. కొంచెం కొయ్యండి, స్టీరియో పెట్టి చూడండి. కదలకుండా కూర్చోలేదా, ఇంకొంచెం కొయ్యండి."

ఇంటికొచ్చి అమ్మకి పొల్లుపోకుండా అప్పజెప్పారు. సత్తెమ్మ మూతి తిప్పింది. "వెన్న కోసినట్టు కోస్తుందన్నాడా? ఏదీ, కోసి చూపించమనండి! వట్టి మాటలకి మోసపోయే ఇల్లు కాదిది."

కుండలోంచి వెన్నముద్ద తీసి పీట మీద పెట్టారు. చిట్టబ్బాయి కరెంటు రంపం స్విచ్చి నొక్కాడు. ఇంకేముంది! గోడల నిండా వెన్న, దూలాల నిండా వెన్న, గంగరాజు కళ్ళ నిండా వెన్న. పీట మీద మాత్రం చిటికెడు లేదు.

"అబద్ధాలకోరు!" అంది సత్తెమ్మ. యాక్సా బ్లేడుతో ఇంకో ముద్ద కోస్తే సగం వెన్న దాని పళ్ళలోనే ఉండిపోయింది. ఆఖరికి ఆవిడే కత్తిపీట వాల్చుకు కూర్చుని, మూడో ముద్దని కత్తికి ఆనించి నొక్కింది. ముద్ద నున్నగా రెండు చెక్కలైంది.

"చూశారా! ఇంట్లో బంగారం పెట్టుకుని ఊరంతా ఇనుము వెతుక్కున్నాం."

కత్తిపీట సంగతి మీకు తెలుసుగా. అది కదలదు, కూరగాయే దాని దగ్గరికి రావాలి. అంతే, పోలారావు మరలన్నీ విప్పి డ్యాష్‌బోర్డుని వంటింట్లోకి మోసుకొచ్చాడు. సత్తెమ్మ కత్తిపీటెక్కి కూర్చుంటే కొడుకులు చెక్కని అటూ ఇటూ పట్టుకుని, "తొయ్యి, తొయ్యి" అంటూ గుమ్మడికాయని తోసినట్టు తోశారు. కత్తిపీటతో నడిమధ్య బొక్క పెట్టలేం కదా, పై అంచు నుంచి నరుక్కుంటూ వచ్చారు. చేపని ఆనించి చూస్తే తలా తోకా రెండు వైపులా సరిగ్గా తగిలాయి.

స్టీరియో పెడితే మాత్రం దూరలేదు.

ఆ ఎండలో టౌనుకి పోయొచ్చేసరికి కర్ర మీద ఎండి ఆ కొయ్యింగ రెండంగుళాలు కుంచించుకుపోయింది. అది ఎవరికి తడుతుంది చెప్పండి! "చేప తప్పు చెప్పదు. స్టీరియోయే ఉబ్బింది" అన్నాడు గంగరాజు.

"ఉబ్బితే ఎండబెట్టాలి" అన్నాడు చిట్టబ్బాయి.

"ఉప్పు రాయకుండా ఎండబెడితే కుళ్ళిపోదూ, వెధవా!" అంది సత్తెమ్మ. స్టీరియో మూత విప్పి, లోపలా బయటా శేరుడు గళ్ళుప్పు దట్టించి, ఇంటి పైన ఎండుచేపల పక్కన ఆరబెట్టింది. కాకులు ఎత్తుకుపోకుండా పోలారావు కర్ర పట్టుకుని రోజంతా కాపలా కూర్చున్నాడు. పెళ్ళికొడుకయ్యే మనిషి మరి, ఆ మాత్రం కష్టపడాలి.

సాయంత్రం చూస్తే స్టీరియో వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. అప్పుడు భద్రం మాట గుర్తొచ్చింది. కూర్చోకపోతే ఇంకొంచెం కొయ్యమన్నాడు. కోశారు. ఈసారి స్టీరియో దూరింది, దూరి దభీమని అటువైపు పడింది.

"కూర్చుందా?" అంది సత్తెమ్మ.

"లేదమ్మా, పడుకుంది."

"అయితే ఇంకొంచెం కొయ్యండి."

కోశారు, పడింది. మళ్ళీ కోశారు, మళ్ళీ పడింది. దీపాలు పెట్టే వేళకి వంటింటి నిండా చెక్కముక్కలు. చిట్టబ్బాయి బోటు దగ్గరికి పరిగెత్తుకెళ్ళి చూసొచ్చాడు. "అమ్మా, బొక్క బ్రహ్మాండంగా వచ్చింది. దాని చుట్టూ ఉండాల్సిందే లేదు."

పోలారావు స్టీరియోకి వైర్లు తగిలించి నొక్కాడు. ఉప్పు రాలింది గానీ పాట రాలేదు. అంతే, కూలబడి భోరుమన్నాడు. "తొమ్మిదోదీ పోయిందమ్మా! ఇంక నన్నెవరు చేసుకుంటారు?"

నవ్వకండి, మనిషి నిజంగానే ఏడ్చాడు. సత్తెమ్మ కొడుకు తల నిమిరింది. "ఏడవకు నాయనా. పాట వినపడాలన్నాడు గానీ స్టీరియోయే పాడాలన్నాడా?"

శుక్రవారం పొద్దున డ్యాష్‌బోర్డు లేని ఆ బొక్కలోకి చిట్టబ్బాయిని ముడుచుకు కూర్చోబెట్టి, మీద సత్తెమ్మ పట్టుచీర అడ్డంగా కట్టారు. తాంబూలాల పళ్ళెం పట్టుకుని సత్తెమ్మ కూడా బోటెక్కింది. అవతలి రేవులో అప్పలస్వామి గారూ వరలక్ష్మీ బోటెక్కారు. చీర వెనక నుంచి ఖంగుమంటూ మొదలైంది.

"ఎక్కేవాళ్ళు ఎక్కండి! దిగేవాళ్ళు దిగండి!"

అప్పలస్వామి గారు కళ్ళు మూసుకుని తలూపాడు. "ఆహా! కొత్త పాటలా ఉందే. ఎంత అర్థముందండి!"

"సౌండు పెంచమనండి" అంది వరలక్ష్మి సిగ్గుపడుతూ. గంగరాజు చీర మీద వేలితో పొడిచాడు. సౌండు పెరిగింది. పోలారావు చుక్కాని దగ్గర ఆనందం పట్టలేకపోతున్నాడు.

నడిగోదారిలో ఇసుకమేట దగ్గరికొచ్చేసరికి, అప్పలస్వామి గారు ఉత్తరీయం సర్దుకుని లేచాడు. "దిగేవాళ్ళు దిగండని అంత మర్యాదగా పిలుస్తుంటే ఇంకా కూర్చుంటే ఏం బాగుంటుంది?" అంటూ దిగేశాడు. బుడుంగున మునిగి, నడుం లోతు నీళ్ళలో తేలి, చుట్టూ చూశాడు. "చెల్లెమ్మా, ఇల్లు మరీ పల్లంలో కట్టుకున్నారే!"

తొమ్మిదోదీ మునిగిందనుకున్నాడు పోలారావు. ఇంతలో వరలక్ష్మి లేచి నిలబడింది. "అదేంటి నాన్నా! ముందు ఎక్కేవాళ్ళు ఎక్కాలి, ఆ తర్వాత దిగేవాళ్ళు దిగాలి. ఇంకా ఎవరూ ఎక్కకుండానే దిగిపోయావేం?"

సత్తెమ్మ కళ్ళు చెమర్చాయి. ముప్పయ్యేళ్ళుగా వాకిట్లో పారబోసిన తెలివిని ఇన్నాళ్ళకి ఏరుకున్నవాళ్ళు కనపడ్డారు. "అన్నయ్యగారూ, పిల్ల మాకు నచ్చింది! మరి పాట వినపడిందా?"

"వినపడింది చెల్లెమ్మా. అన్న మాట ప్రకారం అక్కడికక్కడే తాంబూలాలు. మీరిక్కడికి రండి."

ఇంకేముంది! పళ్ళెం పట్టుకుని సత్తెమ్మ దూకింది. చీర కుచ్చిళ్ళు పట్టుకుని వరలక్ష్మి దిగింది. ఇంజను వదిలేసి గంగరాజు, చుక్కాని వదిలేసి పోలారావు. "మావయ్యగారూ, నమస్కారమండి" అంటూ కాళ్ళకి దండం పెట్టబోయి పోలారావు నీళ్ళలో మునిగాడు. ఆకులూ వక్కలూ గోదారిలోనే మార్చుకున్నారు.

బోటు మాత్రం టుకుటుకుమంటూ తనదారిన సముద్రం వైపు సాగిపోతోంది. చీర వెనక చిట్టబ్బాయి గొంతు చించుకుంటూనే ఉన్నాడు.

సత్తెమ్మ నీళ్ళలో నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ మురిసిపోయింది. "చూశారా అన్నయ్యగారూ, అంత దూరం పోయినా ఎంత బాగా వినపడుతోందో! ఉప్పు రాసి ఎండబెట్టిన పాట, ఏడాదైనా చెడదు."