ఎలుగుబంటి పన్నుమీద సన్నగీతలు

దస్తగిరి తాతకు చేతులు వణకడం మొదలైనాక, విరిగిన ఎముకలకు కట్టు కట్టే పని ఎవరి చేతికొస్తుందా అని కొండకింద ఊర్లన్నీ చూస్తున్నాయి. తాత దగ్గర శిష్యులు ఇద్దరే. మద్దిలేటి, తిరుపాలమ్మ.

తాతకు ఆయన గురువు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. పన్నెండేండ్లు పక్కన కూచుని చూసినోళ్లే సొంతంగా ఎముక ముట్టాల. మద్దిలేటికి పదమూడు నిండినాయి. తిరుపాలమ్మ వచ్చి పంతొమ్మిదేండ్లయింది గానీ, అందులో ఎనిమిది ఆమె లెక్కలోకి తీసుకోదు. ముగ్గురు బిడ్డలు వరసగా పుట్టిన ఏండ్లవి. సంకలో ఒకరు, కొంగు పట్టుకోని ఒకరు. కట్టుకు ఆకు నూరతా నూరతా లేచి పాలియ్యాల. తాత ఎవరిదో విరిగిన కాలు సర్దుతుంటే చూసింది సగం, చూడంది సగం.

"పాలిచ్చింది గూడా చదువేనా అక్కా? అట్లయితే మా బర్రె ఎప్పుడో వైద్యం చేస్తుండాల" అన్నాడు మద్దిలేటి ఒకరోజు. ఆమె కూడా నవ్వింది. వాడన్నదాంట్లో తప్పేముంది అనుకుంది. ఆ రాత్రి అన్నం మాత్రం సయించలేదు.

తెల్లారి తాత ముందర కూచునింది. పెద్దరికం మద్దిలేటికే ఇయ్యమనింది. తనకు యాభై దగ్గరపడినాయి, బిడ్డలు కనే వయసూ పాయె, నేర్చుకునే వయసూ పాయె, ఆకు నూరుకుంటా పడుంటానని చెప్పింది.

"నాకు పదకొండే గదా తాతా."

తాత గోడగూట్లోంచి ఒక ఫొటో తీసి ఆమె ముందర పెట్టినాడు.

పైన గుండ్ల గుహలో చెవి తెగిన ఆడ ఎలుగుబంటి ఒకటి ఉండేది. ఆకులకు పోయినప్పుడల్లా కనపడేది. ముసలిదయి, పోయినేడాది వానల్లో చచ్చిపోయింది. ఫారెస్టోళ్ల పశువుల డాక్టరు దాని చిన్నపన్ను ఒకటి పీకి, పల్చగా కోసి, పెద్దగా ఫొటో తీసి తాతకు ఒకటిచ్చినాడు. నరికిన మొద్దులో మాదిరి ఏడాదికొక గీత.

"ఎన్నున్నాయో చూడు."

తిరుపాలమ్మ చీపురుపుల్లతో ఒక్కొక్కటే తాకుతా లెక్కపెట్టింది.

"పదిహేడు."

"డాక్టరు ఇరవైయారన్నాడే."

మళ్లా లెక్కపెట్టింది. మళ్లా పదిహేడే. "మధ్యమధ్యలో వెంట్రుక మాదిరి ఉన్నాయి తాతా. అవేం గీతల్లే అని ఇడిసిపెడితి."

అవి పిల్లలున్న ఏండ్లని డాక్టరు చెప్పినాడంట. ఎండాకాలం మగదాంతో కలిసినా, ఒంట్లో కొవ్వు చేరితేనే దానికి కడుపు నిలుస్తుందంట. ఈనినాక వారాల తరబడి తిండి లేకుండా గుహలోనే పడుంటుంది. ఆమీట పిల్లల్ని వీపు మీద మోస్తా, రెండేండ్లో మూడేండ్లో ఎంటబెట్టుకోని తిరుగుతుంది. తిన్నదంతా వాటికే పాయె, ఇంక పన్నుకేం మిగుల్తుంది? గీత సన్నబడుతుంది. అట్ల మూడు ఈతలు. చివరి అయిదు గీతలు మళ్లా లావైనాయి. అప్పటికది ఈనడం మానేసింది.

తిరుపాలమ్మ పుల్ల ఒక సన్నగీత మీద ఆగింది. రెండోవాణ్ని సంకలో వేసుకోని ఆకులకు పోయినప్పుడు, పుట్ట తవ్వుతా కనపడింది అది. వీపు మీద రెండు పిల్లలు. అది ఈమెను చూసింది. ఈమె దాన్ని చూసింది. ఎవరి దావన వాళ్లు పోయినారు.

"ఆ ఏండ్లలో అది కొండ మింద లేదా?" అన్నాడు తాత.

అంతలోనే వాకిట్లో ఆటో ఆగింది. చింతచెట్టు మీంచి పడిన గొర్రెలాయన దిగినాడు, ముంజేయి వంకరపోయి ఉంది. మద్దిలేటి వెదురుబద్దలు తీసుకోని లేచినాడు.

తాత చెయ్యెత్తి వాణ్ని ఆపినాడు. తిరుపాలమ్మ దిక్కు తిరిగినాడు.

"నువ్వొచ్చి ఎన్నేండ్లాయ?"

ఆమె పుల్ల కింద పెట్టింది. చేతులు కడుక్కునింది. మద్దిలేటి దగ్గరకు పోయి బద్దల కోసం చెయ్యి చాపింది.

"పంతొమ్మిది" అనింది.