రంగుల దొడ్డికి మార్కులు

నడిమివలసలో పైడయ్య ఇల్లెక్కడ అని అడిగి చూడండి. "ఆ తెలివైనోళ్ళ ఇల్లా?" అంటారు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ అంటారు. ఆ పేరు ఊరు పెట్టింది కాదు, వాళ్ళకి వాళ్ళే పెట్టుకున్నారు. ఎందుకంటే ఒకసారి వాళ్ళ గేదె తప్పిపోయింది. మూడు రోజులు వెతికితే దొరికింది. మళ్ళీ తప్పిపోకుండా మెడలో గంట కట్టారు. కట్టాక పైడయ్య గడ్డం నిమురుకున్నాడు. "గేదె మళ్ళీ పోతే గంట కూడా పోతాది కదా!" అన్నాడు. అంతే, గంట విప్పి పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో తెలివికి కరువు లేదని వాళ్ళ నమ్మకం.

ఇంట్లో ఉండేది నలుగురు. పెద్దవాడు పైడయ్య, తమ్ముడు సింహాచలం, వాళ్ళమ్మ అప్పలకొండ, పైడయ్య పెళ్ళాం గవరమ్మ. గవరమ్మకి నాలుగో నెల. పాపం ఆ ఇంట్లో కష్టమంతా ఆవిడదే. ఇంటి వెనకాల ఒకప్పుడు నూలుకి రంగులద్దే కంపెనీ ఉండేది. అది మూతపడి పదేళ్ళయింది. యజమాని పత్తా లేకుండా పోయాడు గానీ, రంగుల డ్రమ్ములు మాత్రం దొడ్డి నిండా వదిలేసి పోయాడు. డ్రమ్ములు తుప్పుపట్టాయి, రంగు నేలలోకి దిగింది, నేలలోంచి బావిలోకి దిగింది. వీళ్ళ బావిలో నీళ్ళు వంకాయ రంగులో ఉంటాయి. అందుకని గవరమ్మ రోజుకి నాలుగుసార్లు కొండ కింద ఊటకి పోయి బిందెతో నీళ్ళు మోసుకొస్తుంది. రానూపోనూ రెండు మైళ్ళు.

"ఈ పిల్లో పిల్లాడో పుట్టేలోగా మన బావి నీళ్ళు నా నోట్లో పడాలి. లేకపోతే నా వల్ల కాదు," అని ఆవిడ రోజూ ఏడ్చేది.

ఆవిడ ఏడుపు ఎవరు విన్నారో ఏమో, పట్నం నుంచి జీపులో ఓ మేడమ్ దిగింది. పేరు హైమవతి గారు. పాడైపోయిన నేలల్ని బాగుచేసే సర్కారు ఆఫీసు ఆవిడది. అన్నదమ్ములిద్దరూ అప్పుడు దొడ్లోనే ఉన్నారు. పైడయ్య గేదె మెడ మీద చెయ్యేసి నిలబడ్డాడు, సింహాచలం ఓ డ్రమ్ము మీద కూర్చుని వేరుసెనగలు ఒలుచుకుంటున్నాడు.

"చూడండి," అంది హైమవతి గారు. "జిల్లాలో ఇలాంటి దొడ్లు నలభై ఉన్నాయి. అన్నీ ఒక్కసారే బాగుచెయ్యలేం. అందుకని ఒక్కోదానికీ మార్కులు వేస్తాం. అక్కడున్నది ఎంత విషం, అది మట్టిలోంచి నీళ్ళలోకి ఎలా పాకుతోంది, ఎంతమందికి చేరుతోంది, అన్నీ చూసి నూటికి ఇన్ని అని వేస్తాం. ముప్పై దాటితే జాబితాలో పేరు ఎక్కుతుంది. ఎక్కువ మార్కులొచ్చిన చోటికి ముందు లారీలొస్తాయి. సోమవారం వచ్చి పరీక్ష చేస్తాను. అంతదాకా ఇక్కడ ఏదీ కదపొద్దు. అంతా ఇప్పుడెలా ఉందో అలాగే ఉండాలి."

జీపు వెళ్ళిపోయింది. పైడయ్య గేదె మెడ మీద చెయ్యి తియ్యలేదు. సింహాచలం డ్రమ్ము దిగలేదు.

"అన్నియ్యా, నేను దిగొచ్చా?"

"దిగితే కదిపినట్టే కదరా! కూర్చో!"

అంతే. శుక్రవారం నుంచి సోమవారం దాకా ఆ ముగ్గురూ, అంటే గేదెతో కలిపి ముగ్గురు, అక్కడే ఉన్నారు. అప్పలకొండ ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. గవరమ్మ వచ్చి నెత్తీనోరూ బాదుకుంది. "మీరు మనుషులు కదా, సామాన్లా!" అంటే, "మేడమ్ గారు అంతా అన్నారు, సామాను ఒక్కటే అన్లేదు," అన్నాడు పైడయ్య. గేదెకి నిలబడీ నిలబడీ కాళ్ళు నొప్పులు పుట్టి, రంగు గుంటలో కూలబడింది. లేచేసరికి పొట్ట నుంచి తోక దాకా ఊదా రంగు.

సోమవారం పొద్దున్నే జీపు హారను వినపడింది. అప్పలకొండ గేదె దగ్గరికి పరిగెత్తింది. "ఓలమ్మో! చుట్టమొస్తుంటే గేదెని ఇలాగ నిలబెడతామా? ఊరు నవ్వదూ!" అని గేదెకి ఒళ్ళంతా పసుపు పట్టించి, నుదుట ఇంత కుంకుం పెట్టింది. దొడ్లో కంపు కొడుతోందని డ్రమ్ము డ్రమ్ముకీ సాంబ్రాణి వేసింది. ఆ పొగలో హైమవతి గారు తుమ్ముకుంటూ లోపలికొచ్చింది.

"ఈ గేదె ఏమిటి, ఏదైనా పండగా?" అంది.

"మీరొచ్చారు కదండీ, పండగే," అంది అప్పలకొండ.

హైమవతి గారు రెండు సీసాలు, ఓ సంచీ వీళ్ళ చేతికిచ్చింది. "నేను దొడ్డి కొలతలు తీసుకునేలోగా, మీరు తాగే నీళ్ళు ఈ సీసాల్లో పట్టండి. ఆ డ్రమ్ముల పక్కనున్న మట్టి ఈ సంచీలో వెయ్యండి," అంది.

మీరు తాగే నీళ్ళు అంది కదా. వీళ్ళు తాగేది ఏ నీళ్ళు? కొండ కింద ఊట నీళ్ళు! ఇంకేముంది, సింహాచలం సీసాలు పట్టుకుని కొండకి పరిగెత్తాడు. తేట నీళ్ళు, అద్దంలా ఉన్నవి, పట్టుకొచ్చాడు.

ఇక మట్టి. అప్పలకొండ సంచీలో మట్టి వేసి చూసుకుని ముఖం చిట్లించింది. "ఇంటికొచ్చిన మనిషికి పిడికెడు బియ్యం పెట్టినా కడిగి పెడతాం. మట్టి మాత్రం కడక్కుండా పెడతామా?" అంది. అంతే, చేటలో పోసింది, గవరమ్మ మోసుకొచ్చిన నీళ్ళతో మూడుసార్లు కడిగింది, రాళ్ళేరింది, ఎండలో చాప మీద ఆరబెట్టింది. పిండి జల్లెడ పట్టి సంచీలో పోసి మూతి కట్టింది. చూసి పైడయ్య కళ్ళు చెమర్చాయి. "మా అమ్మ చేతిలో ఏముందో గానీ, మట్టి కూడా ముచ్చటగా ఉంటాది," అన్నాడు.

తరవాత హైమవతి గారు కాగితం తీసి ప్రశ్నలు మొదలెట్టింది.

"ఈ బావి నీళ్ళు ఎంతమంది తాగుతున్నారు?"

"ఎవరూ తాగరండి," అన్నాడు పైడయ్య గర్వంగా. "తాగితే చచ్చిపోమా? మాకు ఆ మాత్రం తెలివి ఉంది."

"దుర్వాసన వస్తుంటుందా?"

"మీకేమైనా వస్తోందాండి?" అన్నాడు సింహాచలం. సాంబ్రాణి తప్ప ఏదీ రావట్లేదు. హైమవతి గారు లేదని రాసుకుంది.

"పిల్లలు ఇటు ఆడుకోడానికి వస్తారా?"

"మా ఇంట్లో పిల్లలు ఇంకా పుట్టలేదండి, ఎలా వస్తారు?"

గవరమ్మ నీళ్ళకి వెళ్ళింది, లేకపోతే ఒక్కొక్కడి నెత్తినా మొట్టికాయ పడేది. నాకైతే ఇప్పుడు చెబుతుంటేనే చెయ్యి దురద పెడుతోంది.

పది రోజులకి హైమవతి గారు మళ్ళీ వచ్చింది. ముఖం చిత్రంగా పెట్టుకుంది. "మీ మట్టి ఇడ్లీ రవ్వలా ఉంది. నీళ్ళేమో గంగాజలంలా ఉన్నాయి. నాకు నమ్మబుద్ధి కావట్లేదు గానీ, వచ్చిన మార్కులు వేశాను. పదకొండు."

సింహాచలం ఎగిరి గంతేశాడు. వాడు చదివినన్నాళ్ళూ ఏ పరీక్షలోనూ నాలుగు దాటలేదు. "అమ్మా! మన దొడ్డికి పదకొండంట!" అని అరిచాడు. అప్పలకొండ హైమవతి గారికి దిష్టి తీసింది. పైడయ్య డ్రమ్ములకి పూలదండలు వేశాడు.

అప్పుడే గవరమ్మ బిందెతో వచ్చింది. విషయం విన్నది. బిందె నేలకేసి కొట్టింది.

"పదకొండా! ముప్పై కావాలి కదా, దిక్కుమాలిన సంతా! మనకి జాబితాలో చోటు లేదని ఏడవాల్సింది పోయి దండలేస్తారా? నా మెడ విరిగిపోతోంది. నడుం పట్టేసింది. కడుపులో ఉన్నది కూడా పుట్టగానే బిందె పట్టుకుని కొండకి పోవాలా?" అంది. అని కూర్చుని బావురుమంది. తెలివైన వాళ్ళయినా ప్రేమ లేని వాళ్ళు కాదు మరి. పైడయ్య కూడా పక్కనే కూర్చుని ఏడ్చాడు. వాడెందుకు ఏడుస్తున్నాడో వాడికి తెలిసిందో లేదో చెప్పలేను.

హైమవతి గారికి జాలేసింది. అసలు సంగతంతా ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. మట్టి కడిగిన సంగతి దగ్గరకొచ్చేసరికి కాసేపు తల పట్టుకుంది. "సరే. రేపు మళ్ళీ వస్తాను. నీళ్ళూ మట్టీ ఈసారి నేనే తీసుకుంటాను. మీరు ఒక్క పని చెయ్యండి చాలు. ఆ డ్రమ్ముల్లో విషం మీ బావి దాకా ఏ దారిన వస్తోందో నాకు చూపించాలి."

జీపు మలుపు తిరిగిందో లేదో, పైడయ్య పార తీశాడు.

"దారి చూపించమన్నారు కదా. మరి మన దొడ్లో దారేదిరా? అంతా తుప్పలే!"

అంతే. అన్నదమ్ములిద్దరూ తుప్పలు కొట్టి డ్రమ్ముల నుంచి బావి దాకా దారి వేశారు. ఎంత చక్కటి దారి! రెండు పక్కలా రాళ్ళు పేర్చి సున్నం కొట్టారు. అప్పలకొండ దారి పొడుగునా ముగ్గు పెట్టింది. మొదట్లో ఓ చెక్క పాతి, "విషం ఇటు" అని బొగ్గుతో రాసి బాణం గీశారు.

తెల్లారింది. హైమవతి గారు రావాలి. సింహాచలానికి ఓ దిగులు పట్టుకుంది. "అన్నియ్యా, దారైతే వేశాం. విషానికి ఈ దారి తెలుసా? కొత్త దారి కదా."

"అవున్రా! మేడమ్ ముందు అది తడబడితే మన పరువేం కాను?"

"ఓసారి నడిపించి చూపిస్తే?"

ఇంకేముంది, అన్నిటికన్నా లావు డ్రమ్ము ఒకటి చూసి పడదోశారు. దారి వెంట దొర్లించారు. "ఇదిగో, ఇక్కడ కాస్త ఎడం పక్కకి, చూసుకో," అని డ్రమ్ముకి చెబుతూ మరీ దొర్లించారు. సగం దారిలో డ్రమ్ము ఠపీమని పగిలింది. ఊదా రంగు ముగ్గు మీదుగా, సున్నం రాళ్ళ మధ్య నుంచి బుడబుడమని పారుకుంటూ పోయి బావిలో దూకింది. సరిగ్గా అప్పుడే జీపు ఆగింది.

"చూడండి చూడండి! ఒక్కసారి చూపిస్తే నేర్చుకుంది!" అన్నాడు పైడయ్య.

ఆ తిట్లు నేను చెప్పను. హైమవతి గారు చదువుకున్న మనిషి, ఆవిడకి అన్ని తిట్లు వచ్చని ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. "మీరు పారబోసింది లెక్కలోకి రాదు!" అని అరిచి, చేతికి తొడుగులు వేసుకుని, తనే నేలలోకి గొట్టం దింపి లోపల మట్టి తీసింది. పన్నెండు అడుగుల లోతున కూడా పాత రంగే. పక్క వీధిలో బావుల నీళ్ళు కూడా పట్టి చూసింది, అక్కడా అదే విషం. ఆ వీధిలో ముప్పై ఇళ్ళ వాళ్ళు ఆ నీళ్ళు తాగుతున్నారు. వాళ్ళకి రంగు కనపడలేదు, విషం ఉందని తెలియలేదు. గవరమ్మ ఆ మాట విని, "మా ఇంట్లో తెలివికేం గానీ, ఆళ్ళని ముందు ఆపండి మేడమ్," అంది. ఆ పూటే ఆ వీధికి ట్యాంకరు పెట్టించారు.

మార్కులు డెబ్బై ఎనిమిది. జిల్లాలో మొదటి నంబరు.

లారీలొచ్చాయి. ముసుగులు కట్టుకున్న మనుషులొచ్చారు. డ్రమ్ములు ఎత్తుకుపోయారు, విషపు మట్టి తవ్వుకుపోయారు, ఎర్రమట్టి తెచ్చి పోశారు. బావి నీళ్ళన్నీ తోడేసి, గోడలు తోమి, కొత్త ఊట వచ్చేదాకా వారాల తరబడి పరీక్షలు చేశారు. చివరికి హైమవతి గారు కాగితం పట్టుకొచ్చి, "తాగొచ్చు. ఇక ఈ బావిలో ఏదీ వెయ్యకండి," అని చెప్పి వెళ్ళింది.

గవరమ్మకి తొమ్మిదో నెల. ఉరుకులూ పరుగులతో చేద పట్టుకొచ్చింది. వెయ్యబోయింది.

"ఆగు కోడలా! ఏదీ వెయ్యొద్దన్నారు కదా!" అని అప్పలకొండ చెయ్యి పట్టుకుంది.

గవరమ్మ ఆగింది. ఆలోచించింది. ఎంతైనా ఆ ఇంటి కోడలే కదా, ఏళ్ళ తరబడి ఆ ఇంటి గాలే పీల్చింది. "అవునత్తా, అన్నారు," అంది. అంతే, నలుగురూ బావి చుట్టూ బిందెలు పట్టుకుని కూర్చున్నారు, నీళ్ళే పైకి వస్తాయని. "రండమ్మా, రండి," అని పైడయ్య మర్యాదగా పిలుస్తున్నాడు. దాహంతో నాలుకలు పిడచగట్టుకుపోయాయి. నీళ్ళు మాత్రం ఒక్క జానెడు కూడా పైకి లేవలేదు.

మూడో రోజు వీళ్ళు ఎలా ఉన్నారో చూద్దామని హైమవతి గారు వచ్చింది. చూసింది. గట్టు మీదున్న చేద అందుకుని బావిలో వేసింది, తోడింది, లోటాలో పోసి గవరమ్మకి ఇచ్చింది. గవరమ్మ తాగింది. కళ్ళు మూసుకుని, ఆపకుండా, లోటా మొత్తం తాగింది. "తియ్యగా ఉన్నాయే!" అంది. కడుపు మీద చెయ్యేసుకుని, "నీకూ అందాయా?" అంది. అందరికీ కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"రోజూ ఇలా చేద వేసి తోడుకోండి," అంది హైమవతి గారు ఓపికగా. "చేద ఒక్కటే వెయ్యాలి. ఇంకేది పడినా వెంటనే తీసెయ్యండి. అర్థమైందా?"

"అయిందండి!" అన్నారు నలుగురూ. జీపు వెళ్ళిపోయింది.

పైడయ్య సంతోషం పట్టలేక బావిలోకి వంగి చూశాడు. భుజం మీద తువ్వాలు జారి లోపల పడింది.

"తువ్వాలు పడింది! తీసెయ్యాలి!" అని సింహాచలం దబ్బున దూకాడు. మెడ దాకా నీళ్ళు.

"ఓరి నాయనోయ్, నువ్వు చేదవి కాదు కదరా! నిన్ను కూడా తీసెయ్యాలి!" అని పైడయ్య వాడి వెనకే దూకాడు.

ఇద్దరూ కింద తువ్వాలు పట్టుకుని నిలబడ్డారు. "అమ్మా! నిచ్చెన వెయ్యవే!" అని అరిచారు.

అప్పలకొండ నిచ్చెన తెచ్చింది గానీ, గట్టు దగ్గర ఆగిపోయింది. "కుదరదు నాయనా. చేద ఒక్కటే అన్నారు మేడమ్ గారు."

కింద నుంచి పైడయ్య గొంతు వినపడింది. "అవును, అన్నారు. మా అమ్మ మతిమరుపు మనిషి కాదురా తమ్ముడూ."

పొద్దు తిరిగేసరికి అప్పలకొండ చేదలో రెండు ముద్దలు అన్నం, ఓ ఉల్లిపాయ పెట్టి కిందకి దింపింది. అన్నదమ్ములు తిని, చేద కడిగి పైకి పంపారు. గవరమ్మ నిండు కడుపుతో మెల్లగా వచ్చి, చంకలో బిందె దింపి, బావిలోకి తొంగి చూసింది.

"ఏటయ్యా, నువ్వూ మరిదీ కాస్త ఆ గోడ వారకి జరగండి. నీళ్ళు తోడుకోవాలి."