గూడు లాగి చూసిన గరిక

అనగనగా ఒక వాగు. ఆ వాగు మీదికి వంగిన ఒక తుమ్మచెట్టు. ఆ చెట్టు నిండా గాలికి ఊగే గిజిగాళ్ల గూళ్లు.

ఆ చెట్టు మీద ఒక ఆచారం ఉండేది. గూడు అల్లేది మగపిట్ట. అల్లి, గుమ్మం దగ్గర తలకిందులుగా వేలాడి, రెక్కలు టపటపలాడించి, "రండి రండి, ఇంతటి గూడు మరెక్కడా లేదు" అని పాడేది. ఆడపిట్ట ఆ పాట విని మురిసిపోయేది కాదు. లోపలికి దూరేది. ముక్కుతో ఒక్కొక్క పోచా పట్టి లాగేది. ఊడిందా, "మళ్లీ అల్లుకో నాయనా" అని ఎగిరిపోయేది.

అలా లాగి చూడటంలో జొన్నమ్మ దిట్ట. ఆమె వస్తోందంటే మగపిట్టల పాట గొంతులోనే ఆగిపోయేది. ఆమె మొగుడు పోచయ్య గూడు అల్లి, విప్పి, అల్లి, విప్పి, ముక్కు అరిగాక గాని ఆమె ఒప్పుకోలేదు. ఆ సంగతి పోచయ్యే గొప్పగా చెప్పుకునేవాడు.

వాళ్లకొక్కతే కూతురు. పేరు గరిక.

గరిక చురుకైన పిల్ల. అయితే అది పెద్దలకు నచ్చే చురుకు కాదు. మిగతా పిల్లలు గింజ దొరికితే తినేవాళ్లు. గరిక దాన్ని చీల్చి లోపలేముందో చూసి, ఆ తర్వాత గుర్తొస్తే తినేది.

"అమ్మా, గూటికి గుమ్మం కిందికెందుకుంటుంది?"

"పాము దూరకుండా."

"మరి ఆడవాళ్లు గూడెందుకు అల్లరు?"

జొన్నమ్మ కూతురి నోట్లో ఒక గింజ పెట్టి, "ముందిది తిను" అంది.

ఒకనాడు చెట్టు మీద గగ్గోలు పుట్టింది. పెద్దపిట్ట కంకయ్య కొత్తగా అల్లిన గూడు కుప్పగా వాగులో తేలుతోంది. పైన కొమ్మ మీద గరిక నోట్లో ఒక పోచతో కూర్చునుంది.

"ముడి ఎలా వేశావో చూద్దామని ఒక్క పోచ లాగాను తాతా. అంతా వచ్చేసింది" అంది.

కంకయ్య ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాడు. "మగపిల్లాడు చేశాడంటే అల్లరి అనుకుందుము. ఆడపిల్లకు ఇంత ముక్కా? తొలకరి పడేలోగా దీన్ని ఏదైనా బడిలో వేసి దారిలో పెట్టండి. లేదా, ఈ చెట్టు మీద దీనికి కొమ్మ లేదు!"

చెట్టంతా తలూపింది. మబ్బులు అప్పటికే కొండ మీద కూర్చున్నాయి.

ఆ సాయంత్రం పోచయ్య నసిగాడు. "చిలకపంతులు బడిలో వేద్దామే. మా అన్న పిల్లలందరూ అక్కడే. నలుగురూ వెళ్లే బడి కదా."

"నలుగురూ మెచ్చుకున్న గూళ్లు నేనెన్ని ఊడగొట్టానో మరిచిపోయావా?" అంది జొన్నమ్మ. "బడి కూడా గూడే. చూసే చేరుస్తాను."

తెల్లవారి తల్లీకూతుళ్లు మామిడితోపుకు వెళ్లారు. చిలకపంతులు గుమ్మం దగ్గరే ఎదురొచ్చి రెక్కలు టపటపలాడించాడు.

"దయచేయండి! మా బడిలో ప్రతి పిల్లకూ మొదటి ర్యాంకే."

"అందరికీ మొదటిదే అయితే రెండోది ఎవరికి వస్తుంది?" అంది గరిక.

"రెండోది వచ్చేవాళ్లను మేం ఉంచుకోం" అన్నాడు చిలకపంతులు, అదేదో మంచి మాటైనట్టు.

లోపల చిలకపిల్లలు ఒకే గొంతుతో వల్లిస్తున్నాయి. "జామపండు తీయన! జామపండు తీయన!" వినడానికి సొంపుగానే ఉంది. పంతులు అటు తిరగగానే జొన్నమ్మ చివరి వరుసలో ఉన్న పిల్లను పలకరించింది.

"ఏమ్మా, నీకు జామపండంటే ఇష్టమా?"

ఆ పిల్ల బిత్తరపోయింది. "తెలీదండీ. ఎప్పుడూ తినలేదు. పాఠంలో ఉంది."

జొన్నమ్మ కూతురి రెక్క పట్టుకుని బయటికొచ్చేసింది.

మర్నాడు ఏటి ఒడ్డున కొంగస్వామి బడికి వెళ్లారు. అక్కడ గాలి కూడా అడిగి వీస్తున్నట్టుంది. పిల్లలందరూ కళ్లు మూసుకుని ఒంటికాలి మీద వరుసగా నిలబడ్డారు.

"క్రమశిక్షణ" అన్నాడు కొంగస్వామి మెల్లగా. "ఆడపిల్లల విషయంలో మరింత శ్రద్ధ. తల వంచడం, రెక్క ముడవడం, గొంతు తగ్గించడం."

"మరి రెండో కాలు ఎందుకిచ్చినట్టు?" అంది గరిక.

కొంగస్వామి ఒక కన్ను తెరిచి దాన్ని కొలిచినట్టు చూశాడు. "పిల్లలో సరుకుంది. ఈకల చివర్లు కాస్త కత్తిరిస్తే సరిపోతుంది. నొప్పేమీ ఉండదు."

"మీ దగ్గర చదువు ముగించిన ఆడపిల్లలు ఇప్పుడేం చేస్తున్నారు స్వామీ?" అంది జొన్నమ్మ.

"అదిగో!" ఆయన గర్వంగా ముక్కు చాపాడు. దూరంగా ఇసుకలో కొన్ని పెద్ద పిట్టలు ఇంకా ఒంటికాలి మీదే నిలబడి ఉన్నాయి.

జొన్నమ్మ వాటి దగ్గరకు వెళ్లింది. "చదువైపోయిందిగా తల్లీ, ఎగిరిపోరేం?"

"ఎగరమని ఇంకా ఎవరూ చెప్పలేదండీ" అంది ఒకటి, కళ్లు తెరవకుండానే.

తిరుగుదారిలో ఒక కొమ్మ మీద వాలి గరిక చిన్నగా అడిగింది. "అమ్మా, నా ముక్కు మరీ పెద్దదా? పోనీ, నేనింక ఏదీ లాగను. ఏదో ఒక బడిలో వేసెయ్."

జొన్నమ్మ కూతురి వైపు తిరిగింది. గింజను చీల్చి చూసే పిల్ల ఇవాళ తన ముక్కును రెక్క కింద దాచుకుంటోంది! కొమ్మ దక్కించుకోబోయి పిల్లనే పోగొట్టుకునేలా ఉన్నాను అనుకుంది. అప్పుడే ఆమెకు ఇంకొకటి తట్టింది. పోచ పట్టి లాగడమేగా ఈ పిల్ల చేసిన తప్పు? తను చేస్తే నేర్పు, కూతురు చేస్తే నేరమా?

"నీ ముక్కు నా ముక్కేనే" అంది. "దాచకు. ఇంకొక్క బడి చూద్దాం."

ఆ మూడో బడిని తలుచుకుంటేనే చెట్టువాళ్లు నవ్వేవాళ్లు. గోరింక పంతులమ్మది గేదె మీద బడి. గేదె ఎటు మేస్తే బడి అటు. గుమ్మం లేదు, కాబట్టి గుమ్మం దగ్గర పాడేవాళ్లూ లేరు. వీళ్లు వెళ్లేసరికి పంతులమ్మ ఒక కాకితో తగువులో ఉంది. పిల్లలు గేదె గిట్టలకు లేచే మిడతల వెంట పరుగులు తీస్తున్నారు.

"కూర్చో వదినా, గేదెకు తోక వైపు ఖాళీ ఉంది" అంది పంతులమ్మ. "ముందే చెబుతున్నా, నాకు అల్లిక రాదు. అదిగో నా గూడు, ఆ తాటిమాను తొర్రలో. చూస్తే నీకే నవ్వొస్తుంది."

జొన్నమ్మ పిల్లల వైపు తిరిగింది. "నిన్న మీరేం తప్పు చేశారర్రా?"

చిలకల బడిలోనైతే పిల్లలు పంతులు ముఖం చూసేవాళ్లు. ఇక్కడ పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. "నేను ముందు చెప్తా! గేదె చెవిని తొర్ర అనుకున్నా!" "వీడు బురదలో మిడత అనుకుని తన కాలినే పొడుచుకున్నాడండీ!"

ఇంతలో తాటిమాను వైపు నుంచి సరసరమని చప్పుడు. జొన్నమ్మ గబుక్కున అటు తిరిగింది. గరిక పంతులమ్మ గూటిని పోచ పోచా బయటికి లాగి కింద పోస్తోంది!

గోరింక వెళ్లి ఆ కుప్పను చూసింది. "మొత్తం ఊడదీసేశావా?"

గరిక తల దించుకుంది. "ముడే లేదండీ ఇందులో."

"లేదని నాకూ తెలుసు. ఎలా వెయ్యాలో తెలీదు. మరి ఇవాళ నేనెక్కడ పడుకోను?"

గరిక ఆలోచించింది. "మళ్లీ కడతాను. ముడి తప్పితే?"

"తప్పితే ఇంకోసారి విప్పుదువు. రండర్రా పిల్లలూ, ఇవాళ పాఠం నా ఇల్లు!"

జొన్నమ్మ ఇంకేమీ లాగి చూడలేదు.

గరిక గేదె మీద బడిలో చేరింది. కంకయ్య ముక్కు విరిచాడు గాని, బడి బడేనని ఊరుకున్నాడు. తొలకరి పడింది, వెళ్లింది. గరిక ఎన్ని గూళ్లు కట్టిందో, ఎన్ని జారి బురదలో పడ్డాయో ఆ గేదెకే తెలియాలి.

మరుసటేడు మళ్లీ మబ్బులొచ్చాయి. మగపిట్టలు గూళ్లల్లి పాటలు మొదలుపెట్టాయి. గరిక కంకయ్య కొడుకు గూట్లోకి దూరి ఒక పోచ లాగింది. గూడు సగమైంది.

కంకయ్య మండిపడ్డాడు. "ఇన్ని వంకలు పెడితే ఎక్కడుంటావే నువ్వు?"

"అక్కడ" అంది గరిక.

వాగు మీది చిటారుకొమ్మకు ఒక కొత్త గూడు వేలాడుతోంది. ఆడపిట్ట అల్లిన గూడు! చెట్టంతా నోరు తెరిచింది. కంకయ్య విసురుగా ఎగిరి ఒక పోచ పట్టి లాగాడు. రాలేదు. రెండు కాళ్లూ ఆనించి లాగాడు. గూడు ఊగింది, గూటితో కంకయ్యా ఊగాడు. పోచ మాత్రం కదల్లేదు.

"గట్టిగా లాగు మామా!" అంది జొన్నమ్మ. "లాగితే ఊడినప్పుడు తప్పు ముక్కుదో ముడిదో ఇప్పుడైనా తెలుస్తుంది."

పోచయ్య మాత్రం కొమ్మకొమ్మకూ తిరిగి, "మా అమ్మాయే! ముక్కు వాళ్లమ్మది" అని చెప్పుకొస్తున్నాడు.

ఆ వేళ ఒక కుర్ర మగపిట్ట బెరుకుగా గరిక గుమ్మం దగ్గర వాలింది. "లోపలికొచ్చి చూడొచ్చా?"

"చూడొచ్చు. కాళ్లు దులుపుకుని రా. నచ్చిన పోచ లాగి చూసుకో" అంది గరిక.

అందుకే పిల్లలూ, పిల్లల్ని కన్న పెద్దలూ, బడికి సరిపోయేలా పిల్ల రెక్కలు కత్తిరించకూడదు. గుమ్మం దగ్గర పాటకు మురిసిపోకుండా, లోపలికెళ్లి లాగి చూసి, పిల్లకు సరిపోయే బడినే ఎంచుకోవాలి.